పందొమ్మిదో అధ్యాయంలో తప్పు

"చదవకపోయినా పర్లేదు మేడం, నాలుగు మంచి మాటలు రాసివ్వండి చాలు" అంది మొన్న మా ఆఫీసు క్యాంటీన్లో ఒక అమ్మాయి. చేతిలో స్పైరల్ బైండింగ్ చేసిన కథల కట్ట. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కాలేదు, అప్పుడే పన్నెండు కథలు రాసింది. అట్ట మీద బొమ్మ సిద్ధం, ఆవిష్కరణకి హాలు సిద్ధం, నా ముందుమాట ఒక్కటే తక్కువ. నేను ఆ కట్ట అందుకోలేదు. పాపం ఆ పిల్ల మొహం చిన్నబోయింది. "అంత బిజీనా మేడం?" అంది. బిజీ కాదమ్మా, ఒకసారి చదవకుండా రాసిచ్చాను, అది ఇప్పటికీ అరగలేదు అని చెబుదామనుకుని, ఎందుకొచ్చిన గొడవలే అని టీ తాగించి పంపేశాను.

ఆ ఒకసారి ఎవరికి రాసిచ్చానో ఆవిడ ఇప్పుడు లేదు. పేరు చెప్పను. చెబితే రేపు పొద్దున్నకల్లా "ఎంత గొప్ప రచయిత్రిని పోగొట్టుకున్నాం" అని పోస్టులు మొదలవుతాయి. అలాంటి పోస్టులు పెట్టేవాళ్ళంటే ఆవిడకి ఒళ్ళుమంట. వాళ్ళలో నన్ను మొదటి వరసలో కూర్చోబెట్టేది.

హైటెక్ సిటీలో మాది ఒకే కంపెనీ, తర్వాత నానక్‌రామ్‌గూడ టవర్లోకి మారినా ఒకే అంతస్తు. కంపెనీ వాళ్ళు తయారుచేసిన సాఫ్ట్‌వేర్లో తప్పులు పట్టడం ఆవిడ పని. దాన్ని ఎలా వాడాలో కొనుక్కున్నవాళ్ళకి అర్థమయ్యేలా రాయడం నా పని. ఆవిడ పట్టిన తప్పుల్ని దిద్దే తీరిక లేనప్పుడు వాటినే సదుపాయాలుగా రాయమని మా మేనేజరు నాకు చెప్పేవాడు, నేను రాసేదాన్ని. "నువ్వు రాస్తే కుంటి గుర్రం గూడ నాట్యం జేస్తది" అనేది ఆవిడ. మెచ్చుకుంటోందని మొదట్లో అనుకున్నాను.

ఏ తలుపు దగ్గరికెళ్ళినా ముందు తోసేది, తర్వాత లాగేది, అప్పుడు లోపలికి అడుగు పెట్టేది. నీళ్ళ సీసా బ్యాగులో పెట్టే ముందు తలకిందులు చేసి ఊపి చూసేది. షేర్ ఆటో అతన్ని "గచ్చిబౌలి పోతదా?" అని అడిగి, ఎక్కి కూర్చున్నాక "కొండాపూర్ దిక్కు పోతవా?" అని ఇంకోలా అడిగేది, రెండు జవాబులూ కలుస్తాయో లేదో చూడటానికి. మనుషుల్నీ అంతే. తనకి జవాబు తెలిసిన ప్రశ్నే అడుగుతుంది. మనం చెప్పేదాకా నింపాదిగా టిఫిన్ డబ్బా మూత తిప్పుతూ కూర్చుంటుంది. నాలుగేళ్ళు ఆవిడ పక్కన కూర్చుని అన్నం తిన్నాను, ఒక్క పూట కూడా నన్ను పూర్తిగా నమ్మలేదు.

నేను విజయవాడ మనిషిని. ఆవిడది బాలానగర్, అక్కడే పుట్టి అక్కడే పెరిగింది. నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. "ఏం బెజవాడ, ఇయ్యాల ఎన్ని లైకులు?" అనేది పొద్దున్నే. నాకంటే ఆరేళ్ళు పెద్దది, నేను అక్కా అనేదాన్ని. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరన్నా అడిగితే "పరీక్షల ఎవ్వలు పాస్ గాలే" అనేది, నవ్వకుండా.

అన్నిటికంటే ఘోరం, ఆవిడ పుస్తకాలు చదివేది. ఆఫీసులో ఎవరు పుస్తకం వేసి ఇచ్చినా మొదటి పేజీ నుంచి చివరి అట్ట దాకా చదివేది. మా అంతస్తులోనే ఉద్యోగాలిచ్చే విభాగంలో ఒకమ్మాయి కవితల పుస్తకం వేసింది. అందరి బల్లల మీదా తలా ఒక కాపీ పెట్టింది, మేమంతా "సూపర్" అన్నాం. మర్నాడు ఆ పిల్ల ఉత్సాహంగా వచ్చి "అక్కా, చదివారా?" అంది. ఈవిడ పెరుగన్నం కలుపుకుంటూ, "చదివిన. ముప్పై రెండో పేజీల కవిత, యాభై ఒకటో పేజీల కవిత ఒక్కటే. పేరొక్కటి మార్చినవ్. నీకన్న ఎరుకేనా?" అంది. ఆ పిల్ల తిప్పి చూసుకుంది. నిజమే. ఫైళ్ళు కలుపుతున్నప్పుడు ఒకే కవిత రెండుసార్లు పడింది. ముప్పై మంది అభినందించారు, ఒక్కరూ చూడలేదు. బాత్‌రూంలోకి వెళ్ళి ఏడ్చింది. నేను వెనకాలే వెళ్ళి ఓదార్చాను. ఓదారుస్తూ లోపల్లోపల సంతోషించాను కూడా, ఎందుకంటే ఆ పుస్తకం అట్ట బొమ్మకి నా పుస్తకం కంటే ఎక్కువ లైకులు వచ్చాయి. ఆ సంగతి ఆవిడ నా మొహంలో చదివేసింది. "పో, ఇంకొంచెం ఓదార్చి రా" అంది.

నా మూడు పుస్తకాలూ చదివింది. ఎలా ఉన్నాయని అడగకుండా ఉండాల్సింది, అడిగాను. "మూడు పుస్తకాలేడియి? ఒక్కటే గద. మూడు అట్టలేసినవ్" అంది. అరికాలి మంట నెత్తికెక్కింది. వారం రోజులు వేరే బల్ల దగ్గర తిన్నాను. ఎనిమిదో రోజు నేనే తిరిగొచ్చాను. నా పుస్తకాలు మొత్తం చదివి తిట్టే మనిషి ఇంకొకరు నాకు లేరు.

అలాంటి మనిషి ఒకరోజు స్పైరల్ బైండింగ్ కట్ట ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. నవల. ఎనిమిదేళ్ళుగా బాలానగర్ నుంచి వచ్చే ఆఫీసు బస్సులో కూర్చుని, ఫోన్లో, ఒక్క బొటనవేలితో రాసిందట. బాలానగర్ షెడ్లలో బోల్టులు ఏరి పెట్టెల్లో సర్దే ఆడవాళ్ళ కథ. అప్పటికే నలుగురు ప్రచురణకర్తల దగ్గరికి తిరిగొచ్చింది. ఒకాయన భాష అందరికీ అర్థమయ్యేలా మార్చమన్నాడు. ఒకాయన ప్రేమకథ ఉందా అని అడిగాడు. ఇంకొకాయన కట్ట వైపు చూడకుండా "మీ వారేం చేస్తుంటారమ్మా?" అన్నాడు. నాలుగో ఆయన చదివి చెబుతానని ఏడాది ఉంచుకుని, వేరే ఎవరిదో కట్ట ఈవిడకి తిరిగిచ్చాడు.

"నేనే ఏస్త. అచ్చు సంగతి నేను జూసుకుంట" అంది. "అమ్ముడు నాకు రాదు. నీకస్తది. చద్దన్నం గూడ బిర్యానని అమ్ముతవ్."

అది నిజమే. పుస్తకాలు రాయడంలో నేను సామాన్యురాలిని, అమ్మడంలో మాత్రం ఘనురాలిని. అట్ట ఎప్పుడు చూపించాలి, ముందస్తు ఆర్డర్లు ఎప్పుడు మొదలెట్టాలి, ఏ రంగు చీర కట్టుకుని రీల్ చేస్తే ఎంతమంది చూస్తారు, ఏ పెద్దాయన్ని సభకి పిలిస్తే ఏ గ్రూపు కదులుతుంది, అన్నీ నాకు కంఠతా. మగవాడు పుస్తకం వేస్తే పుస్తకం ఫోటో చాలు, ఆడది వేస్తే ఆవిడ ఫోటో కూడా కావాలి. ఈ లోకరీతి నేను కనిపెట్టింది కాదు, వాడుకున్నాను, అంతే. వెనక అట్ట మీద పెద్ద ఫోటో వేద్దాం, కాస్త పట్టుచీరా, చెవులకి జుంకాలూ పెట్టుకోమన్నాను. "పుస్తకం అమ్ముతున్నమా, సంబంధం జూస్తున్నమా?" అంది. ఫోటో లేకుండానే వేసింది.

ముందుమాట నన్నే రాయమంది. నాకు గర్వమేసింది. ఒక ఆదివారం మధ్యాహ్నం కట్ట ముందేసుకున్నాను. మొదటి అధ్యాయం చదివాను. బాగుంది, బాగుండటం చూసి కొంచెం బాధేసింది. చివరి రెండు పేజీలు చదివాను. మధ్యలో ఇరవై అధ్యాయాలున్నాయి, సాయంత్రం నా కొత్త పుస్తకానికి లైవ్ ఉంది. పేజీన్నర రాసేశాను. శ్రమ, చెమట, స్త్రీ, బతుకుపోరు అన్నీ పడ్డాయి. "మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా ఒక్క చోట కూడా తడబాటు లేని నవల" అని ముగించాను.

ఆవిడ నా బల్ల దగ్గర నిలబడే చదివింది. "మొత్తం చదివినవా?" అంది.

"చదవకుండా రాస్తానా అక్కా? ఒక్క గుక్కలో చదివేశా."

"మంచిది" అంది. ఒక్క అక్షరం మార్చకుండా అచ్చు వేయించింది.

ఆవిష్కరణ సభ మా ఆఫీసుకి దగ్గర్లో చిన్న హాల్లో జరిగింది. నేను పిలిచిన పెద్దాయన అరగంట మాట్లాడాడు. గృహిణిగా బాధ్యతలు నిర్వర్తిస్తూనే, పిల్లల్ని పెంచుతూనే, వంటింటి కిటికీలోంచి లోకాన్ని చూసి రాసిన నవల అన్నాడు. ముందు వరసలో ఆవిడ తమ్ముడు, అతని భార్య మొహమొహాలు చూసుకున్నారు. శాలువా కప్పించుకున్నాక ఆవిడ మైకు దగ్గరికి వచ్చి, "సార్, నాకు లగ్గం గాలే. నవలల వంటిల్లే లేదు. షెడ్డున్నది. జర సదువున్రి" అని వెళ్ళి కూర్చుంది. హాలంతా చప్పట్లు కొట్టింది. పెద్దాయన కూడా నవ్వుతూ కొట్టాడు, తన గురించేనని తెలియక.

పుస్తకం ఆర్డర్లకీ, పాఠకుల అభిప్రాయాలకీ నా నంబరే ఇచ్చాం. తన నంబరు ఊళ్ళో వాళ్ళకి ఇవ్వనంది. నా ప్రచారం పనిచేసింది, కాపీలు బాగానే వెళ్ళాయి. మెసేజ్‌లూ బాగా వచ్చాయి. గుండె తడైందని, మట్టివాసన గుబాళించిందని, ఆడదాని అంతరంగాన్ని ఆవిష్కరించారని. నేను అన్నీ ఆవిడకి పంపేదాన్ని. ఆవిడ ఒక్కోటీ చదివి, "ఇంకేమన్న రాసిన్రా?" అని అడిగేది. ఇంతకంటే ఏం కావాలో ఈ మనిషికి అని విసుక్కునేదాన్ని.

రెండో నెలలో ఒక పొడుగాటి మెసేజ్ వచ్చింది. నేను తెల్లాపూర్‌లో గేటెడ్ కమ్యూనిటీలో పిల్లల క్రెష్‌లో పని చేస్తానండి, పిల్లలు పడుకున్నప్పుడు మీ పుస్తకం రెండుసార్లు చదివానండి, అందులో ఒక చోట తప్పు ఉందండి, అని మొదలైంది. నేను అక్కడ ఆగిపోయాను. ఆ రోజు నా పుస్తకానికి ఎవడో రెండు నక్షత్రాలు ఇచ్చాడు, ఆ మంట మీద ఉన్నాను. మిగతాది చదవకుండానే, "ఒక పుస్తకం రాయడం ఎంత కష్టమో మీకు తెలుసా? తప్పులు వెతకడం తేలిక. ముందు మంచిని చూడటం నేర్చుకోండి" అని పెట్టి, నంబరు బ్లాక్ చేసి, మెసేజ్ తుడిచేశాను. రచయిత్రి తరఫున నిలబడ్డానన్న తృప్తితో భోజనానికి వెళ్ళాను. పక్కనే కూర్చుని తిన్న ఆవిడకి ఆ మాటే చెప్పలేదు. చెప్పేంత విషయం అనిపించలేదు.

నాలుగో నెలలో అనుకుంటా, ఆఫీసు వెనక సందులో ఛాయ్ తాగుతున్నాం. ఆవిడ ఉన్నట్టుండి "బెజవాడ, నా నవలల ఒక తప్పు పెట్టిన" అంది.

"పెట్టడమేంటి?"

"ఎరికుండే పెట్టిన. పెద్ద తప్పే. కళ్ళు తెర్సి చదివినోళ్ళకి దొరక్కుంట ఉండదు."

వాళ్ళ నాన్న బాలానగర్లో ఒక షెడ్డులో తయారైన సరుకు సరి చూసే మనిషట. బోల్టుల పెట్టె ప్యాకింగ్‌కి పంపే ముందు తనే ఒక వంకర బోల్టు అందులో కలిపేవాడట. అవతల ఏరే ఆడవాళ్ళకి అది దొరికితే వాళ్ళు కళ్ళు పెట్టి చూస్తున్నట్టు. దొరక్కపోతే పెట్టె మొత్తం కింద గుమ్మరించి మళ్ళీ ఏరించేవాడట. "దొరికినామెకు మా బాపు తన పైసలతోని ఛాయ్ తాపుతుండె" అంది. సాఫ్ట్‌వేర్లో ఆవిడ కింద పనిచేసే పిల్లలకీ ఇదే పరీక్ష. తనే ఒక తప్పు దాచి, వెతకమని, దొరకనివాళ్ళని అందరి ముందూ కడిగేసేది. అది నాకు తెలుసు. నవలలోనూ అదే పని చేస్తుందని మాత్రం అనుకోలేదు.

"నీకిచ్చిన కట్టల గూడ ఉండె" అంది. "ఒక్క చోట గూడ తడబాటు లేదని రాసినవ్ గద. ఆ పెద్దాయన సంగతి ఇడ్సిపెట్టు, ఆయన అందరికీ గదే చెప్తడు. నువ్వు చదువుతవనుకున్న."

ఏ తప్పు అన్నాను. "చదివి చెప్పు" అంది. కోపంగా కూడా అనలేదు. తర్వాత గ్లాసు కింద పెట్టి, ఆవిడ ఎప్పుడూ అడగనట్టుగా, జవాబు తెలియని మనిషిలా అడిగింది.

"నంబరు నీ తాన్నే ఉన్నది గద. ఎవలన్న అన్నరా, తప్పున్నదని? ఒక్కలన్న?"

నాకు ఆ క్రెష్ ఆవిడ గుర్తొచ్చింది. వెంటనే గుర్తొచ్చింది, మర్చిపోయానని చెప్పుకోలేను.

"లేదక్కా" అన్నాను.

ఎందుకన్నానో చాలాసార్లు ఆలోచించాను. మెసేజ్ తుడిచేశానని చెప్పాలంటే సిగ్గు, అది ఒకటి. నన్ను ఛాయ్ బండి దగ్గర నిలబెట్టి ఫెయిల్ చేసిందన్న కక్ష, అది ఇంకొకటి. కానీ అసలుది ఇవి రెండూ కాదు. మూడు పుస్తకాలు రాసిన నేను తప్పిన పరీక్షలో, పిల్లల ముక్కులు తుడిచే ఆయా నెగ్గిందని నా నోటితో చెప్పడం నాకు చేతకాలేదు.

"ఇంకోటి మొదలువెట్టిన, సగమైంది" అంది ఆవిడ. "ఒక్కలకు దొరికితే చాలు, తక్కింది రాస్త. ఎవ్వలకు దొరకకపోతే రాసుడెందుకు, ఉత్తగ బొటనవేలు నొప్పి."

అప్పటినుంచి ప్రతి శుక్రవారం భోజనాల దగ్గర "వచ్చిందా?" అని అడిగేది. నేను ఫోన్ తీసి చూసినట్టు నటించి "లేదక్కా" అనేదాన్ని. మొదటి రెండు మూడు వారాలు ఆవిడ వైపు చూడకుండా అన్నాను. తర్వాత అలవాటైపోయింది, ఉప్పు అందుకో అన్నంత తేలిగ్గా వచ్చేసేది. ఒక శుక్రవారం నేనే ముందుగా "ఈ వారం కూడా లేదక్కా" అన్నాను. అందులో కొంచెం రుచి కూడా దొరికింది నాకు. ఊరందరికీ పరీక్షలు పెట్టే మనిషి ప్రతి వారం నా ముందు చెయ్యి చాపి నిలబడుతుంది, నేను లేదంటాను. ఆ నవల చదివి తప్పేంటో కనుక్కోవచ్చు కదా అంటారేమో. చదివితే ఓడిపోయినట్టు ఒప్పుకోవడమే అనిపించి ముట్టుకోలేదు.

ఏడాది దాటాక అడగడం మానేసింది. ఒకరోజు టిఫిన్ డబ్బా మూత పెడుతూ "రెండోది తీసేసిన" అంది.

"తీసేయడమేంటి?"

"ఫోన్లకెళ్ళి. బస్సుల కూసుంటే ఏం జెయ్యాల్నో సమజైతలేదు గిప్పుడు. నిద్రవోతున్న."

నూట పది పేజీలట. నేను అయ్యో అన్నాను. ఆవిడ నా అయ్యో వంక ఒకసారి చూసి, నీళ్ళ సీసా తలకిందులు చేసి ఊపి బ్యాగులో పెట్టుకుంది.

ఆ తర్వాత ఏడాదిన్నరకి కడుపులో గడ్డ బయటపడింది. కోసి చూసి, ఇంక లాభం లేదని మళ్ళీ కుట్టేశారు. నేను మూడుసార్లు వెళ్ళొచ్చాను, మూడుసార్లూ పళ్ళు తీసుకెళ్ళి, ఆఫీసు కబుర్లు చెప్పి వచ్చేశాను. నాలుగోసారి వెళ్ళేటప్పటికి మనిషి మంచానికి అతుక్కుపోయి ఉంది. పక్కనున్న తమ్ముడి భార్యని "జర ఛాయ్ తాగి రా పో" అని పంపించింది. నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

"అక్కా, నీ తప్పు ఒకరికి దొరికింది" అన్నాను. "పుస్తకం వచ్చిన రెండో నెల్లోనే. నేనే నీకు చెప్పలేదు."

ఆవిడ మోచేతి మీద లేవబోయింది. చేతికున్న సెలైను గొట్టం లాగింది, పట్టించుకోలేదు. అంత ఆశ ఆవిడ మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

"ఎవలు?"

"తెల్లాపూర్లో, క్రెష్‌లో పిల్లల్ని చూసుకునే ఆవిడ."

"ఎన్నిసార్లు చదివిందట?"

"రెండుసార్లు. పిల్లలు పడుకున్నప్పుడు చదివిందట."

"ఏం దొరికిందట?"

ఆ మెసేజ్‌లో తర్వాతి వాక్యం నేను చదవలేదు. నవల అంతకంటే చదవలేదు. అప్పటికి దాదాపు మూడేళ్ళు, పుస్తకం నా అలమారలోనే ఉంది.

"అదే, నువ్వు పెట్టిన తప్పే" అన్నాను.

"గదే, ఏంది? మెసేజ్ జూపెట్టు."

"తుడిచేశాను అక్కా."

ఆవిడ ఎదురుచూస్తోంది. ఏదో ఒకటి చెప్పాలి. నవలల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఏదా అని ఆలోచించి, "చనిపోయిన మనిషి మళ్ళీ కనబడుతుంది కదా" అన్నాను.

అంతే. మోచెయ్యి సడలింది, తల దిండు మీదికి ఒరిగింది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"మంచిగనే చెప్పినవ్ తియ్" అంది. "తెల్లాపూర్, క్రెష్, పిల్లలు పండుకున్నంక. మస్తు కల్పించినవ్. నీ పుస్తకాలల్ల గూడ గింత మంచిగ రాయలే."

"ఒట్టు అక్కా, నిజం. ఆవిడ నిజంగా ఉంది."

"ఒట్లెందుకు ఉత్తగ? నా కోసమని ఒక అబద్ధం తయారు జేసుకొని గింత దూరమొచ్చినవ్. గది చాలు." నా చెయ్యి మీద చెయ్యి వేసి రెండుసార్లు తట్టింది. నాలుగేళ్ళు పక్కన కూర్చుని తిన్నా ఎన్నడూ నన్ను ముట్టుకోని మనిషి. నేను అబద్ధాలు చెప్పినన్నాళ్ళూ నమ్మింది, నిజం చెప్పిన రోజు జాలిపడింది. తమ్ముడి భార్య తిరిగొచ్చేదాకా నేను ఏడుస్తూ కూర్చున్నాను, ఆవిడే నన్ను ఊరుకోబెట్టింది.

కిందికి దిగుతుంటే లిఫ్టులో తట్టింది. మెసేజ్ పోయినా, బ్లాక్ చేసిన నంబర్ల జాబితా ఫోన్లో ఉంటుంది కదా. తీసి చూశాను. ఆరు నంబర్లున్నాయి, ఐదు ఎవరివో తెలుసు. ఆరోది ఆ క్రెష్ ఆవిడదే. అడిగి, ఆ తప్పేంటో తెలుసుకుని, అప్పటికప్పుడు పైకి వెళ్ళి చెప్పొచ్చు. కానీ అడగాలంటే ముందు ఆ ఆయాకి క్షమాపణ చెప్పాలి. ఎలా మొదలెట్టాలో తోచలేదు. శనివారం తీరిగ్గా రాద్దాంలే అనుకున్నాను. గురువారం నా నాలుగో పుస్తకం అట్ట బొమ్మ విడుదల కూడా ఉంది.

శుక్రవారం పొద్దున ఆవిడ పోయింది.

దినాలయ్యాక రెండు రోజులు సెలవు పెట్టి నవల చదివాను. నాలుగో అధ్యాయంలో, షెడ్డులో పనిచేసే ఒకావిడ కుడిచేతి రెండు వేళ్ళు ప్రెస్సు మిషన్లో పడి తెగిపోతాయి. అక్కణ్ణుంచి పధ్నాలుగు అధ్యాయాలు, మూడు వేళ్ళతో ఆవిడ అన్నం ఎలా కలుపుకుంటుందో, కూతురికి జడ ఎలా వేస్తుందో, జీతం తీసుకునేటప్పుడు సంతకం ఎలా పెడుతుందో అక్క రాసుకుంటూ వచ్చింది. పందొమ్మిదో అధ్యాయంలో కూతురి పెళ్ళికి ముందు రోజు, షెడ్డులో ఆడవాళ్ళంతా చేరి ఆవిడ చేతులకి మైదాకు పెడతారు. పది వేళ్ళకీ పెడతారు. ఒక్కో వేలు పేరు చెప్పి, దానికి టోపీలా మైదాకు తొడుగుతున్నట్టు పేజీ పొడుగునా రాసింది. గుడ్డివాళ్ళకి చదివి వినిపించినా దొరుకుతుంది.

అప్పుడు ఆ నంబరు విడిపించి మెసేజ్ పెట్టాను. మూడేళ్ళ క్రితం మీతో దురుసుగా మాట్లాడాను, క్షమించండి, మీరు చెప్పిన తప్పు నిజమే, పది వేళ్ళ సంగతి, అని రాశాను. పిల్లల్ని తల్లిదండ్రులు తీసుకెళ్ళాక కాబోలు, సాయంత్రం జవాబు వచ్చింది.

"నమస్తే అండీ. అప్పుడు మీరు అలా అనేసరికి బాధేసింది గానీ పోన్లెండి. నేను తప్పు పట్టడానికి రాయలేదండి. తప్పని తెలుస్తూనే ఉంది. కానీ ఆవిడకి వేళ్ళు తిరిగొచ్చాయని చదివేసరికి నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేనండి. మళ్ళీ అచ్చు వేసినప్పుడు అది దిద్దొద్దని చెప్పడానికే రాశాను. మీరు నా మెసేజ్ చివరిదాకా చదవలేదనుకుంటా."

ఈసారి చివరిదాకా చదివాను. జవాబు రాయబోతుంటే ఇంకోటి వచ్చింది.

"రచయిత్రి గారికి చెప్పారా అండీ?"

చెప్పాను అని పెట్టాను.

"ఏమన్నారండీ?"

చాలా సంతోషించారు అని పెట్టాను.

"ఇంకో పుస్తకం రాస్తున్నారా అండీ?"

లేరు అని రాసి తుడిచాను. మళ్ళీ రాసి మళ్ళీ తుడిచాను. చివరికి, రాస్తున్నారు అని పెట్టాను.

"అయితే ఎదురుచూస్తానండీ" అని జవాబు వచ్చింది.